ఇనుపజెట్టి మోకాలు

మామ నన్ను రాయమన్న వాక్యం ఇది: "మేదరి పనిలోని లోపము వలన ఇనుపజెట్టి మోకాళ్లు విరిగినందున, మూడవ రూపమునకు శ్రీ గోవర్ధన్ గారు ఇనుప కాళ్లు చేయించుచున్నారు."

రెండుసార్లు చెప్పాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను గాని రాయలేదు.

"రాయవేందే ఆండాళూ? పొద్దుగూకేసరికి ప్రెస్సుకు పోవాలె."

"అది అబద్ధం గద మామా."

మామ కిటికీలోంచి మిల్లు వైపు చూశాడు.

మా మామ రామ్మూర్తి సూర్యాపేటలో బడిపంతులు. నాటకాలు రాస్తాడు, ఆడిస్తాడు. పాలకీడు బడిలో ఏడో తరగతి అయిపోయిన దగ్గర్నుంచి నేను ఆయన ఇంట్లోనే ఉంటున్నాను. నాటకాల ప్రతులు రాసేదాన్ని నేనే. ఈసారి నాటకం మిర్యాలగూడలో, అందుకే ఇక్కడికి వచ్చి ఉన్నాం. దాన్ని ఆడిస్తున్న గోవర్ధన్ సేటుకు ఇక్కడ బియ్యం మిల్లు ఉంది. కరపత్రం ముందు పేజీలో మిల్లు పేరు, వెనక పేజీలో ఆ నాటకంలోని మరమనిషి ఇనుపజెట్టి చరిత్ర రావాలి. అచ్చయ్యేవి రెండు వేల కాగితాలు.

ఆ వాక్యం అచ్చయితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంకో నెలకు కోతలు. కోతలకు ముందే ఊళ్లవాళ్లు ఒడ్లు పోసుకునే గుమ్మిలకోసం మేదరి కనకమ్మ దగ్గరికి వస్తారు. ఆమె అల్లిక మనిషి కాలు విరగ్గొట్టిందని చదువు వచ్చినవాడు రానివాడికి చెబితే చాలు. ఇంకెవరూ ఆమె వాకిలి తొక్కరు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆమెకున్నది ఆ చేతిపని ఒక్కటే.

ఇనుపజెట్టిలో ఇనుము లేదు. ముందు ఆ మాట చెప్పాలి.

పాకిస్తానుతో యుద్ధం వచ్చిన అరవై ఐదులో మామ ఒక నాటకం రాశాడు. అందులో శత్రుదేశపు పండితుడొకడు కొండంత మరమనిషిని చేసి మన సరిహద్దు మీదికి తోలుతాడు. రాయడానికి బాగానే రాశాడు. కొండంత మరమనిషిని వేదిక మీదికి ఎట్లా తేవాలో ఆయనకు తెలియలేదు. కంసాలిని అడిగితే రేకులతో చేస్తే నలుగురు మోయాలన్నాడు. వడ్రంగిని అడిగితే నవ్వాడు. కనకమ్మ మా ఇంటికి చాట ఇవ్వడానికి వచ్చి, అరుగు మీద కూర్చుని అంతా విన్నది.

"సారూ, గుమ్మిని బోర్లేసి సూసిన్రా ఎన్నడన్న? భుజాలు, ఛాతీ అన్నీ ఉంటయి. తలకాయ లేదు గంతే."

జెట్టి పుట్టింది ఆ మాటతోనే. మొదటి రూపం ఎనిమిది మూరల ఎత్తు. బోర్లించిన గుమ్మి మొండెం, దాని మీద చిన్న గంప తల, కళ్లకు రెండు టార్చిలైట్లు. పైన కాగితం అంటించి, మసి పూసి, మసి మీద వెండి రంగు వేశారు. లోపల కట్టెకాళ్ల మీద నిలబడేది కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కే ఐలన్న. తాడెక్కే మోకునే నడుముకు చుట్టి గుమ్మికి కట్టుకునేవాడు. ఎత్తు ఆయనకొక లెక్క కాదు. కాళ్లు మాత్రం వంగేవి కావు. బందం వేసిన ఎద్దులాగా నడిచేది జెట్టి.

సూర్యాపేటలో ఆడిన మొదటి రోజే జనం శత్రువు మీద రాళ్లు, చెప్పులు విసిరారు. పొట్టకు మూరెడు బొక్క పడింది. లోపల్నుంచి ఐలన్న, "అరే, నేను గౌండ్ల ఐలయ్యనురా! రేపు కల్లు ఎట్ల తాగుతరో సూస్త!" అని అరిచాడు. అప్పటికి గాని రాళ్లు ఆగలేదు. మర్నాడు పొద్దున కనకమ్మ ఆ బొక్కను అల్లి పూడ్చింది. ఎక్కడ పూడ్చిందో వెతికితే నాకు కనబడలేదు.

ఆ తర్వాత తిరుమలగిరికి పిలిచారు. బస్సు మీద జెట్టి పట్టదు. నడుము పైభాగం మాత్రం ఎడ్లబండి మీద కట్టి, బండిని వేదికదాకా తోలారు. మామ దానికి బండిజెట్టి అని పేరు పెట్టాడు. టపాకాయల చప్పుడుకు ఎడ్లు బెదిరి యుద్ధం మధ్యలోనే పారిపోయాయి. దేశం గెలిచింది గాని జెట్టి కంది చేలో దొరికింది.

రెండో రూపం అరవై ఎనిమిదిలో, కోదాడలో. అక్కడివాళ్లు ముందే చెప్పారు, అంత పెద్ద బొమ్మ శత్రువుది అయితే మేం చూడలేమండీ, మనదయితే చూస్తాం అని. మామ ఒక రోజంతా ఆలోచించి జెట్టిని మన పక్షానికి మార్చాడు. మీసం పెట్టారు, అంతే. మొహం అదే. పది మూరలకు పెంచారు. మరి మన జెట్టి యుద్ధం గెలిచి భూమికి మొక్కాలి కదా? మొక్కాలంటే మోకాలు వంగాలి.

ఆ మోకాలి కోసం కనకమ్మ పదకొండు రోజులు కూర్చుంది. నేను పక్కనే కూర్చుని చూశాను, కొలతలు నోటుబుక్కులో రాసుకున్నాను. పచ్చి వెదురు బద్దలను పలుచగా చీల్చి మూడు కడియాలు అల్లింది, ఒకదాంట్లోకి ఒకటి దూరేటట్టు. కట్టెకాళ్లకు మడత వేసి, ఈ కడియాలు తొడిగింది. ఐలన్న బరువు వేస్తే కడియాలు లోపలికి పోయి కాలు వంగుతుంది. బరువు తీస్తే బద్దలు బిగువుతో తన్ని లేపుతాయి. ఎనిమిదిసార్లు విప్పింది. తొమ్మిదోసారి ఐలన్న వంగి, లేచి, "అక్కా, నా సొంత మోకాలు కంటె ఇదే నయమున్నది" అన్నాడు.

కోదాడలో జెట్టి మోకరిల్లినప్పుడు జనం ముందుకు వంగి చూశారు. నా ముందు కూర్చున్న ముసలాయన భార్యను, "మళ్లీ లేస్తుందంటావా?" అని అడిగాడు. లేచింది. ఆ చప్పట్లు మామకు వచ్చాయి, ఐలన్నకు వచ్చాయి. కనకమ్మ తెర వెనక తడిగుడ్డతో కడియాలు తుడుస్తూ ఉంది. నాకు అప్పుడే కోపం రావలసింది. రాలేదు.

మిర్యాలగూడ సేటు ఈ డెబ్బై రెండులో జెట్టిని అడిగాడు. నాటకానికి నెల ముందే తెప్పించుకుని మిల్లులో పెట్టుకున్నాడు, చూసేవాళ్లు చూస్తారని. ఛాతీ మీద మిల్లు పేరు రాయించాడు. జెట్టిని లారీ ఎక్కించేటప్పుడు కనకమ్మ చెప్తే నేనే ఒక చీటీ రాసి మెడకు కట్టాను: "మోకాళ్ల కడియాలను పొద్దున, సాయంత్రం నీళ్లతో తడపవలెను. ఎండ తగలరాదు."

నిన్న మధ్యాహ్నం మిల్లు గచ్చు మీద సాధన చేశారు. జెట్టి మొదటిసారి మోకరిల్లగానే కందికట్టె విరిగినట్టు చప్పుడయింది. పది మూరల మనిషి పక్కకు ఒరిగి పడ్డాడు. ఐలన్న ముంగాలు రెండు చోట్ల విరిగింది. దవాఖానకు తీసుకుపోతుంటే సేటు అందరికీ వినబడేటట్టు అన్నాడు, "మేదరోళ్ల పని గింతే. బుట్టలల్లుకునేటోళ్లకు యంత్రాలెందుకు?"

ఆ మాట విని మామ తల ఊపాడు. ఊపాడు!

నేను కాగితం పక్కన పెట్టి, "కనకమ్మత్త వస్తున్నది. పొద్దటి బస్సుకు రమ్మని మనిషితో చెప్పి పంపిన. ఆమె చూసినంక రాస్త" అన్నాను. మామ ముఖం మాడింది. అయినా కాదనలేదు.

ఆమె పదిగంటలకు దిగింది. మిల్లు గచ్చు మీద హమాలీలు ఒడ్లు తిరగేస్తున్నారు. వాళ్ల నడుమ పడి ఉన్న జెట్టి దగ్గరికి పోయి, విరిగిన కడియాన్ని చేతిలోకి తీసుకుంది. బద్దను వంచింది. టక్కుమని విరిగింది. ఇంకోటి వంచింది. అదీ విరిగింది. ముక్కను చెంపకు ఆనించుకుంది, జ్వరం చూసినట్టు.

"ఎవరు ఎండవెట్టిన్రు దీన్ని?"

సేటు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "నేనే పెట్టించిన. ఏం?"

"ఎన్ని దినాలు?"

"వచ్చిన దినం కెల్లి, ఇరవై దినాలు. పొద్దటికెల్లి పొద్దుగూకేదాక, ఒడ్లతోపాటు. రోజూ నేనే తిప్పించిన. సూడు ఎట్లెండిందో! ఒడ్లు గూడ గింత మంచిగ ఎండవు."

ఆయన గొప్పగానే చెప్పాడు. ఇరవై ఏళ్లుగా గింజను పంటికింద కొరికి తేమ చూసి, తడి ఉంటే బండి వెనక్కు తిప్పి పంపే మనిషి. తడి అంటే ఆయనకు బూజు, పురుగు, నష్టం. ఇంట్లోకి వచ్చిన ఏ సరుకైనా ఆయన ముందు ఎండలో పెడతాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. అంతవరకు నేను ఒప్పుకుంటాను.

"మెడకు చీటీ కట్టిన" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"సూసిన. తడిపితే కుళ్లదా? ఆడోళ్లు ఏదో రాసిన్రులే అని తీసి పారేసిన. గీ గేమ్యాగాడు రెండు దినాలు నీళ్లు కొట్టిండు. బకెట గుంజుకున్న."

ఒడ్లు తిరగేస్తున్న గేమ్యా తల దించుకున్నాడు. హమాలీల చేతులు ఆగిపోయాయి.

కనకమ్మ గొంతు పెంచలేదు. "సేటూ, గుమ్మి కూసునేది. అది ఎండాలె. మోకాలు నడిసేది. అది తడువాలె. నీ మోకాలు ఇరవై దినాలు గచ్చు మీద ఎండవెడితె నువ్వు లేస్తవా?"

ఎవరో నవ్వారు. సేటు అటు చూడగానే నవ్వు ఆగింది. ఆయనకు అప్పుడు అర్థమైంది. ముఖం చూస్తే తెలిసింది. కాని నోటినుంచి వచ్చింది వేరే.

"అయిందేదో అయింది. సారూ, ఆ మేదరి మాట తీసెయ్యి. ప్రమాదవశాత్తు విరిగినయని రాయి. ఇగ ఖతం."

మామకు ప్రాణం లేచివచ్చింది. "గదే మంచిది. ఎవ్వరికీ మాట రాదు" అన్నాడు.

"ప్రమాదం ఏ ఊరిదయ్యా సారూ? ఎవలింట్ల ఉంటది?" అంది కనకమ్మ. "నిన్న మేదరోళ్లు అన్నప్పుడు దానికి పేరుండె. ఇయ్యాల సేటు అనంగనే పేరు పోయిందా?"

మామ నా వైపు చూసి, "రాయి ఆండాళూ" అన్నాడు.

రాశాను. అక్కడే, బస్తాల మీద కూర్చుని. మొదటి రూపం, బండిజెట్టి, రెండో రూపం రాశాను. బోర్లించిన గుమ్మిని, మూడు కడియాలను, తొమ్మిదోసారి కుదిరిన మోకాలిని మేదరి కనకమ్మ పేరు మీద రాశాను. చివరికి ఇది: "మిర్యాలగూడలో, తడిపి ఉంచవలెనని చీటీ ఉన్నను, శ్రీ గోవర్ధన్ గారు ఇరువది దినములు ఎండబెట్టించినందున మోకాళ్లు విరిగి గౌండ్ల ఐలయ్య కాలు విరిగినది." మామకు ఇచ్చాను. చదివాడు. సేటు లాక్కుని చదివాడు.

"నా కరపత్రంల నా పేరే ఖరాబు చేస్తవా? ఎవని బిడ్డవే నువ్వు?"

కాగితం చింపలేదు. నా ఒళ్లోకి విసిరాడు. "చరిత్ర లేకున్న నాటకమాడ్తది. వెనక పేజీల మిల్లు ఫోటో ఎయ్యున్రి" అని మామకు చెప్పాడు. మామ సరేనన్నాడు. ఏడేళ్లు ఆ మామ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆ పూట ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

మేదరి పని మీద నింద అచ్చు కాదు. కాని మిల్లులో నిన్న సేటు అన్న మాట బండ్లవాళ్లు విన్నారు. అది అప్పుడే ఊళ్లు పట్టుకుపోయి ఉంటుంది. దాని వెనక ఇంకో మాట పోకపోతే అదే నిలబడుతుంది.

కనకమ్మా నేనూ దవాఖానకు పోయాం. పెద్ద గది, పదహారు మంచాలు, ఒక్కో మంచం చుట్టూ ఇద్దరు ముగ్గురు. ఐలన్న కాలు కట్టుతో పైకి వేలాడదీసి ఉంది. కనకమ్మను చూసి లేవబోయాడు.

"అక్కా, నీ పని కాదని నాకెరుకే. ఎక్కినప్పుడే కిర్రుమన్నది. జర ఆగుదమంటె సేటు ఇనలె."

"మరి నలుగుట్ల ఎందుకు అనలేదురా?"

"నొప్పికి నోరు రాలె గద."

పక్క మంచం మీద చెయ్యి విరిగిన పెద్దాయన పాలకీడు వైపు రైతు. మమ్మల్ని తేరిపార చూసి, "ఓ అవ్వా, గీ పిల్లగాని కాలిరగ్గొట్టిన మేదరామె నువ్వేనా? మాకు రెండు గుమ్మిలు చెప్పుదమనుకున్న. ఇగ భయమైతున్నది" అన్నాడు.

ఒక్క రోజు. ఒక్క రోజులో ఆ మాట పదహారు మంచాల దాకా వచ్చింది. కనకమ్మ కొంగు సర్దుకుంది. ఆమెనట్లా చూడలేకపోయాను.

నేను ఎన్నడూ నలుగురిలో మాట్లాడలేదు. బడిలో పద్యం చెప్పమంటే కూడా లేచి నిలబడి కూర్చునేదాన్ని. సంచిలోంచి ఆ కాగితం తీసి, ఐలన్న మంచం పట్టీ పట్టుకుని మొదటి నుంచి చదివాను. బోర్లించిన గుమ్మి దగ్గర ఒకరిద్దరు నా వైపు తిరిగారు. ఎడ్లు పారిపోయిన దగ్గర నవ్వారు. మోకాలు కుదిరిన దగ్గర నర్సమ్మ కూడా వచ్చి తలుపులో నిలబడింది. చివరి వాక్యం దాకా చదివాను.

"ఎండవెట్టిండా?" అన్నాడు పాలకీడు రైతు. "చీటీ సూసి గూడ?"

"సూసి గూడ" అన్నాడు ఐలన్న.

"వెదురును! ఒడ్ల మీద!" ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "మా పోరలకు గూడ ఎరుకే గద, బద్దకు తడి కావాలని. మరి ఆమె మీదికెందుకు నూకిండు?"

దూరాన గోడ పక్క మంచం మీది ముసలామె చెయ్యెత్తింది. "బిడ్డా, నాకు ఇనవడలె. ఎవరు ఎండవెట్టిన్రు? ఆ పేరు మల్లొకసారి సదువు."

కాగితం పట్టుకుని ఆ గోడ దాకా నడిచి, మళ్లీ చదివాను.