నాలుగో అంతస్తు దాకా

"లోపలికి జరగండమ్మా, జరగండి. స్ట్రెచరు వస్తోంది. బాబూ, ఆ పళ్ళ సంచి నెత్తిన పెట్టుకుంటావో ఏం చేస్తావో, తలుపుకి మాత్రం అడ్డం పెట్టకు!"

పెద్దాసుపత్రి లిఫ్టులో స్టూలు మీద కూర్చుని ఇరవై రెండేళ్ళుగా ఇవే మాటలు. ఆ లిఫ్టు నడిపే అతన్ని అందరూ లిఫ్టు మామయ్య అంటారు. బొత్తాలు నొక్కీ నొక్కీ చూపుడువేలి కొస అరిగి నున్నబడింది. ఎడమ మోకాలు పట్టేస్తుంది, లేవాలంటే గోడ సాయం కావాలి. జనాన్ని కసరడానికి నోరు బాగానే లేస్తుంది. లేవాల్సిన చోటే లేవదు, అదీ పాపం అతని బాధ.

రోగుల వెంట వచ్చినవాళ్ళకి ఆ ఆసుపత్రిలో తిండీ లేదు, నడుం వాల్చే చోటూ లేదు. అందుకే రోజూ మధ్యాహ్నం ఒకరిని వెనక వీధిలో ఉన్న తన ఒంటిగది ఇంటికి వెంటబెట్టుకెళ్ళి అన్నం పెడతాడు. ఒకప్పుడు తను చావుకి సిద్ధపడిన రోజున ప్రభువు తనని ఎలా నిలబెట్టాడో ఒక్కరికైనా చెప్పాలని అతని ఆశ. మొదట్లో ఒకాయనకి ముద్ద నోట్లో ఉండగానే యేసయ్య మాట ఎత్తాడు. ఆయన కంచం తోసేసి, "అన్నం ఇందుకా పెట్టావు?" అని లేచిపోయాడు. మామయ్యకి తల కొట్టేసినట్టయింది. అతిథి తిని చెయ్యి కడుక్కునే దాకా దేవుడి ఊసెత్తకూడదని ఆ రోజే నియమం పెట్టుకున్నాడు. తీరా చెయ్యి కడుక్కున్నాక వాళ్ళు వార్డుకి పరుగెత్తేవాళ్ళు, ఇతనికి డ్యూటీ వేళయ్యేది. "ఎవరికైనా చెప్పావా?" అని పాస్టరుగారు ఆదివారం ఆదివారం అడుగుతారు. ఇతను నేలచూపులు చూస్తాడు.

పదకొండు రోజులుగా వస్తున్నవాడు సైకిలు మెకానిక్. అతని భార్య నాలుగో అంతస్తులో ఉంది. ఇంటావిడని మొదటిరోజే "అక్కా" అన్నాడు, దాంతో మామయ్య కాస్తా బావ అయి కూర్చున్నాడు.

ఇవాళ పొద్దున నర్సమ్మ లిఫ్టులో దిగుతూ గొంతు తగ్గించి చెప్పింది. "ఆ మెకానిక్ భార్య ఇవాళో రేపో, మామయ్యా." ఆవిడ పోయేలోగా మెకానిక్‌కి ఓ ధైర్యం మాట చెప్పి తీరాలి. ఇంకెప్పుడు చెబుతాడు?

"ఇవాళైనా నోరు విప్పుతావా, నన్ను చెప్పమంటావా?" అంది భార్య, మధ్యాహ్నం కంచాలు పెడుతూ.

"అతన్ని చెయ్యి కడుక్కోనియ్యవే. నేనే చెబుతా."

మెకానిక్ అన్నం కలుపుకున్నాడు. నాలుగు ముద్దలు తిని, "అక్కా, బావ మీద కోపమంతా ఉప్పులో చూపించావు కదూ?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. పదకొండు రోజుల్లో అతను నవ్వడం అదే మొదటిసారి. అంతలో ఫోను మోగింది. ఎడమచేత్తో తీసి విన్నాడు. "ఊ" అన్నాడు, అంతే. కంచం ముందు నుంచి లేచి నడిచాడు.

మామయ్య కుంటుకుంటూ వెంటపడ్డాడు. లిఫ్టులో ఇంకెవర్నీ ఎక్కనివ్వలేదు. ఇద్దరే.

"బావా," అన్నాడు మెకానిక్. "తనిప్పుడు ఎక్కడికెళ్ళుంటుంది? నువ్వు అన్నం ముందు కళ్ళు మూసుకుంటావు కదా. నీకేమైనా తెలుసా?"

ఇరవై రెండేళ్ళలో ఇలా నోరు తెరిచి అడిగినవాడు లేడు. చెప్పాల్సిందంతా గొంతు దాకా వచ్చింది. కానీ మెకానిక్ కుడిచెయ్యి చొక్కాకి తగలకుండా ఎడంగా పట్టుకుని ఉన్నాడు. వేళ్ళకి మెతుకులు అలాగే ఎండిపోతున్నాయి. ఇప్పుడు చెబితే వీడి ఏడుపుని వాడుకున్నట్టు కాదూ? చెప్పకపోతే మరి నేనెందుకు? ఒకటో అంతస్తు దాటింది, రెండు దాటింది.

"నాయనా... ఏంటంటే..." అన్నాడు మామయ్య.

నాలుగో అంతస్తు తలుపు తెరుచుకుంది. మెకానిక్ వెళ్ళిపోయాడు.

గంట తర్వాత దుప్పటి కప్పిన స్ట్రెచరుతో అదే లిఫ్టులో దిగాడు. చెయ్యి ఎవరో కడిగించినట్టున్నారు.

"మందుల దగ్గర్నుంచి మంచం దాకా అందరూ ఏదో ఒకటి చెప్పి డబ్బు అడిగినవాళ్ళే బావా," అన్నాడు దండం పెడుతూ. "నువ్వొక్కడివే ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. ఊరికే అన్నం పెట్టావు."

ఆ మెప్పు మామయ్యకి వాత పెట్టినట్టు తగిలింది. చెప్పాల్సింది ఉందిరా నాయనా, ఉందిరా అని లోపల గింజుకున్నాడు. తలుపు తెరుచుకుంది. స్ట్రెచరు చక్రం గడప దగ్గర ఇరుక్కుంటే మెకానిక్ వంగి, ఎత్తి, తోసుకుంటూ వెళ్ళిపోయాడు. బయట శవాల బండి స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది.

వెంట వెళదామని మామయ్య గోడ పట్టుకుని లేవబోయేసరికి పదిమంది తోసుకుని ఎక్కేశారు. "పోనియ్యవయ్యా పైకి, టైమవుతోంది!" అని ఎవరో అరిచారు. దిగుదామంటే దారి లేదు. బొత్తాం నొక్కాడు.

అందరి పాదాల మధ్యా, తలుపు వారగా, ఒక రబ్బరు చెప్పు పడి ఉంది, ఎడమకాలిది, తెగిన పట్టీని సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టినది.