చవక కొక్కెం

భర్త ఆర్నీ పోయిన శీతాకాలమంతా వెర్నాకి ఇంట్లో తుపాకీ బోల్టు లాగిన చప్పుడు వినబడుతూనే ఉంది. మిట్టమధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే వెనక గదిలోంచి టకటక. బట్టలు మడతపెడుతుంటే మెట్ల కిందనుంచి టకటక. వెళ్ళి చూస్తే అక్కడ ఎవరుంటారు? ఆర్నీ బూట్లు, అతని చలికోటు, అంతే.

అక్టోబర్ చివర్లో ఆర్నీ, తమ్ముడు గస్ ఎల్క్ దుప్పుల వేటకి కొండెక్కారు. సాయంత్రం కొట్టిన దుప్పి మాంసం సగమే దించగలిగారు. మిగతా సగం కోసం తెల్లారి వెళ్ళేసరికి గ్రిజ్లీ ఎలుగు దానిమీద కూర్చుని ఉంది. గస్ ఇంకా దిగువన గుర్రాన్ని కడుతున్నాడు. పైనుంచి ఒక్క కాల్పు వినబడింది. తర్వాత, మళ్ళీ కాల్చడానికి తూటా ఎక్కించే బోల్టు చప్పుడు. రెండో కాల్పు వినబడలేదు. గస్ పరుగున ఎక్కేసరికి అంతా అయిపోయింది. అటవీ అధికారులు మంచు పడేదాకా వెతికినా ఆ ఎలుగు దొరకలేదు.

చర్చి నేలమాళిగలో అంత్యక్రియల భోజనాల దగ్గర గస్ అందరూ వినేలా చెప్పాడు.

"అన్నని చంపింది ఎలుగు కాదు, తుపాకీలోని ఆ చవక కొక్కెం. పేలిన తూటా గొట్టాన్ని పట్టి బయటికి లాగాల్సింది లాగలేదు. కంపెనీది వేయించుకో అంటే విన్నాడా!"

పళ్ళేల్లో బంగాళదుంపలు చల్లారిపోతున్నా మగవాళ్ళంతా ఆ మాట పట్టుకున్నారు. పేరున్న కంపెనీ సామానుకి ఎక్కువ పెట్టడం దండగా కాదా అని ఏళ్ళ తరబడి వాదించుకున్న ఊరది. ఆ పూట వాదన ముగిసిపోయింది. వెర్నా చెంచా మాత్రం నోటిదాకా వెళ్ళలేదు.

ఎందుకంటే ఆ కొక్కెం కొనిపించింది తనే. ఆ వేసవిలో తుపాకీ పాత కొక్కెం అంచు విరిగితే, కొట్టువాడు రెండు ముక్కలు బల్లమీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి తుపాకీ చేసిన కంపెనీది, రెండోది ఊరూపేరూ లేనిది, చవక. ఆర్నీ చెయ్యి కంపెనీ ముక్క వైపే వెళ్ళింది.

"ఉక్కు ఉక్కే కదా ఆర్నీ! వాడి ముద్రకి మనం డబ్బెందుకు పొయ్యాలి?" అంది వెర్నా.

"సరే, రాణిగారి ఆజ్ఞ!" అని నవ్వి చవకది జేబులో వేసుకున్నాడు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మొంటానా చలికాలం పొడుగు. అంతకాలమూ ఆ నవ్వూ, ఆ టకటకా ఇంట్లో ఆమెతోపాటే కాపురమున్నాయి.

మంచు కరిగాక తుపాకీ పట్టుకుని లైల్ ప్రూయెట్ దగ్గరికి వెళ్ళింది. చుట్టుపక్కల తుపాకులన్నీ బాగుచేసేది అతనే.

"ఇందులో కంపెనీ కొక్కెం వెయ్యి లైల్. ఇప్పుడున్నది నా కళ్ళకి కనబడనివ్వకు."

లైల్ ఖాళీ తూటా గొట్టాలు పెట్టి బోల్టు లాగి చూశాడు. లాగిన ప్రతిసారీ గొట్టం ఎగిరి నేలమీద పడింది. మట్టి పూసి లాగాడు. అప్పుడూ పడింది.

"ట్రిగ్గరైతే చవకది నా పగవాడికి కూడా వెయ్యను వెర్నా. ఇది మాత్రం కాస్త గరుకేగానీ పని చేస్తోంది. ఎందుకు మార్చడం?"

"మరి ఆ రోజెందుకు చెయ్యలేదు?"

లైల్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నేనక్కడ లేను. తుపాకీ లోపల ఏముందో గస్‌నే అడుగు. తూటాలు తీసింది వాడే."

గస్ పొలం గట్టున కంచె తీగ బిగిస్తున్నాడు. ఆమెని చూసి, "ఏంటి, గుడ్లు అమ్మడానికి వచ్చావా, నన్ను తిట్టడానికి వచ్చావా?" అన్నాడు. ఆమె నవ్వలేదు.

"ఆ కొక్కెం కొనిపించింది నేనే గస్. ఆర్నీ కంపెనీదే తీసుకోబోయాడు. నేనే ఆపాను."

గస్ చేతిలోని పట్టకారు జారిపోయింది.

"ఎప్పుడూ చెప్పలేదేంటి? చలికాలమంతా... నాకు తెలిస్తే ఆ మాట అనేవాణ్ణా?"

"ఏ మాట?"

"కొక్కెం మాట. అబద్ధం వెర్నా. కొక్కెం చెడితే కొత్త తూటా వచ్చి పాత గొట్టానికి గుద్దుకుని ఇరుక్కుంటుంది. అక్కడ అలా లేదు. పేలిన గొట్టం లోపలే ఉంది, బోల్టు మూసుంది. తర్వాతి తూటా కింద కదలకుండా ఉంది. అన్న బోల్టు సగమే లాగాడు. సగం లాగి మళ్ళీ తోసేశాడు. ఆ ఖాళీ గొట్టంమీద ట్రిగ్గర్ నొక్కినా ఏం పేలుతుంది?"

"ఆర్నీయా?"

"ఊళ్ళో అందరికంటే నిబ్బరమైన చేతులని పేరున్నవాడే. చివర్లో అన్న భయపడ్డాడని వీళ్ళంతా బీరు తాగుతూ చెప్పుకుంటారని... నేను తట్టుకోలేకపోయాను. ఇనప ముక్కకి పరువేముంది, దానిమీద తోసేశాను."

వెర్నా కొండవైపు చూసింది. గుండెమీది బరువు దిగాలి కదా? దిగలేదు, పక్కకి జరిగింది. ఇన్నాళ్ళూ ఆమె ఊహలో ఆర్నీ ధైర్యంగా పోరాడి, పాడు తుపాకీ చేతిలో మోసపోయాడు. ఇప్పుడు ఆ చెట్ల మధ్య వణుకుతున్న ఒక మనిషి, ఒంటరిగా.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. తప్పు కొక్కేనిదే. అది కొనిపించిన నింద నేను మోస్తాలే."

గస్ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. పట్టకారు తీసి అతని చేతికిచ్చింది.

ఆ శరదృతువులో ఇద్దరూ కలిసి కొండెక్కారు. తుపాకీలో చవక కొక్కెమే ఉంది. లైల్ చేత మార్పించలేదు ఆమె. రెండో రోజు పొద్దున్న పచ్చికలో ఆడ ఎల్క్‌ని కొట్టింది. తూటా సరిగ్గా తగిలింది. బోల్టు మోచెయ్యి వెనక్కి పోయేదాకా లాగింది. గొట్టం మెరుస్తూ ఎగిరి గడ్డిలో పడింది.

గస్ మోకాళ్ళమీద కూర్చుని కత్తి తీశాడు. ఒక్క కోత పెట్టి ఆగిపోయాడు. అతని చూపు కింద లేదు, ఎదురుగా దట్టంగా ఉన్న ఫర్ చెట్లమీద ఉంది. గాలి లేకపోయినా అక్కడ ఒక కొమ్మ ఊగుతోంది. కత్తి మొన సన్నగా వణుకుతోంది.

"నా చేతులు చూడకు వెర్నా," అన్నాడు చెట్లమీంచి చూపు తిప్పకుండా.

"చూడను. నువ్వు కొయ్యి. చెట్ల సంగతి నాది."

ఆమె తుపాకీ పట్టుకుని అతనికీ చెట్లకీ మధ్యకి వచ్చి, వీపు అతని వైపు పెట్టి దగ్గరగా నిలబడింది. ముఖం చెట్ల వైపు తిప్పుకుని, చర్మం కోసే చప్పుడు వింటూ, కొమ్మ ఆగేదాకా కదల్లేదు.