నూకాలు అనే వంపు కత్తి

నేను ఒక వంపు కత్తిని. నన్ను చేత్తో పట్టుకున్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు. ఫోను అద్దం వెనక రాక్షసులు, కోటలు, మంత్రగాళ్లు ఉండే ఆట ఒకటి ఉంది. నా కాపురం అందులో. అయినా నేను కోసిన పీకల లెక్క చెబితే మీ ఊరి కసాయి కత్తి సిగ్గుపడుతుంది.

నన్ను ఏ కమ్మరీ కాల్చి సాగగొట్టలేదు. నగరంలో ఒక చల్లటి గదిలో, బొమ్మలు గీసే జీతగాడొకడు మూడు రోజులు కూర్చుని నన్ను తయారుచేశాడు. మొదట నిటారుగానే గీశాడు. వెనక నిలబడి చూసిన పెద్దాయన ఒప్పుకోలేదు.

"నిటారు కత్తి రాజులకయ్యా. ఇది బురదకోట దొంగలకి. వంచు," అన్నాడు.

వంచాడు. ఈ ఆటల లోకంలో అదొక ఆచారం. రాజకుమారుడికి నిటారు కత్తి ఇస్తారు. దానికి వంశం ఉంటుంది, ధర్మం ఉంటుంది, పిడిలో కెంపు ఉంటుంది. దొంగలకు, ఎడారివాళ్లకు, ఓడలు దోచేవాళ్లకు, కథలో పేరు లేని ఆడవాళ్లకు వంపు కత్తులు పంచుతారు. ఆ వంపు చూడగానే వీడు మనవాడు కాదని ఆడేవాళ్లకు తెలిసిపోవాలట.

తర్వాత నాకు గుణాలు పెట్టారు. దెబ్బ బరువు తక్కువ, వేగం ఎక్కువ. నిటారు కత్తి ఒక్క వేటుకు చంపేస్తుంది. నేను గీరి వదిలేస్తాను. గీరిన చోట నెత్తురు ఆగకుండా కారుతుంది, ఎదుటివాడు నడుస్తూ నడుస్తూ చస్తాడు. పెద్దాయనకు ఆ చావు భలే నచ్చింది. బలానికి, వేగానికి, పదునుకి అన్నిటికీ అంకెలు వేశారు. జాలికి అంకె లేదు కాబట్టి అది నాలో లేదు. ఈ కథలో జాలి కావలసినవాళ్లు మీ ఇంటినుంచే తెచ్చుకోండి.

నా మొదటి యజమాని బురదకోట దొంగల నాయకుడు. రోజుకు నాలుగు వందల సార్లు చచ్చేవాడు. చచ్చిన రెండు నిమిషాలకు మళ్లీ లేచి, "ఎవడ్రా నా బురదలో కాలు పెట్టింది" అని అదే మాట అని, మళ్లీ చచ్చేవాడు. వెయ్యి చావుల్లో ఒకసారి అతని చేతిలోంచి నాలాంటి కత్తి జారి చంపినవాడికి దక్కుతుంది. అలా నేను దూరపు ఊరి పెద్దమనిషి ఒకాయనకు దక్కాను. ఆయన రెండు రోజులు నాతో కప్పల్ని నరికి, ఇది ఆడంగుల కత్తి అని తేల్చి, ఆటలో ఉండే సంతలో పడేశాడు. మూడు నెలలు అక్కడే కొక్కేనికి వేలాడాను. పదకొండు రోజులు బురదలో జలగలు చంపి, ఆ తోళ్లు తెచ్చి సంతవాడికిచ్చి నన్ను విడిపించుకున్న మనిషి లోవకుమారి.

లోవది కోనసీమ. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆమె పెదనాన్నకు కొబ్బరికాయల వ్యాపారం. కాయలు రాశిపోసే షెడ్డులో, పీచు బస్తాల మీద కూర్చుని ఆదివారం మధ్యాహ్నాలు ముగ్గురు ఆడేవారు. పెదనాన్న కొడుకు సూరిబాబు గుంపుకి నాయకుడు. గన్నియ్య అతని స్నేహితుడు. మూడో మనిషి లోవ. మరో ఇద్దరు వేరే ఊళ్ల నుంచి కలిసేవారు. ఆటలో రాక్షసుల కోట వేరే ఉంది, అందులోకి పోవాలంటే ఐదుగురు ఉండి తీరాలి. ఐదో మనిషి దొరక్క సూరిబాబు చెల్లెల్ని కలుపుకున్నాడు.

లోవ నోట్లోంచి మాట పెకలడం కష్టం. ఔననడానికి తల ఊపుతుంది. కాదనాల్సి వస్తే తల కూడా ఊపదు, గోరు కొరుక్కుంటుంది. కానీ ఆ పిల్ల బొటనవేళ్లు నన్ను తిప్పే తీరు వేరు. ముగ్గురు రాక్షసుల మధ్య దూరి, ముగ్గురినీ తలోచోట గీరి, వాళ్లు నెత్తురు కారి కూలేదాకా దూరంగా నిలబడి చూసేది. ఇంత నెమ్మదైన పిల్లకు అంత ఓపికగా చంపడం ఎలా వచ్చిందో నేను అడగలేదు. నాకు పని దొరికింది, అంతే.

వెయ్యి ప్రాణాలు తీసిన ఆయుధానికి ఆటలో పేరు చెక్కుకోవచ్చు. చెక్కాక అది అమ్మకానికి పోదు, వేరేవాళ్ల చేతిలో పనిచేయదు. ఆదివారం నాలుగు గంటలకు తెరుచుకునే కోట తలుపు, పేరున్న ఆయుధం ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తుంది. లోవ నా మీద నూకాలు అని చెక్కింది. వాళ్ల వీధి పంపు దగ్గర సర్పంచి ఇంటి బిందెనైనా కాలితో పక్కకు నెట్టే ఒకావిడ పేరు అది.

"కత్తికి నూకాలేంటే. జ్వాల, మెరుపు, ఇలాంటియ్యి తట్టలేదా నీకు," అన్నాడు సూరిబాబు.

"పంపుకాడ నూకాలమ్మగారే? అయితే మనం కొట్టక్కర్లేదురా. రాక్షసులు బిందెలు వదిలేసి పారిపోతారు," అన్నాడు గన్నియ్య.

లోవ తలొంచుకుని నవ్వింది. ఆ తర్వాత ఐదు నెలల పాటు ఒక్క ఆదివారం కూడా తప్పకుండా ఆ గుంపుతో కోటలోకి వెళ్లింది. లోపల ఆమె ముందు నడిచేది, మిగతావాళ్లు వెనక వచ్చేవారు. వారం మొత్తంలో ఆమె ఎవరికైనా ముందు నడిచేది ఆ ఒక్క గంటే. నేనుంటేనే ఆ గంట ఉంటుంది.

ఇప్పుడు కొలిమి సంగతి చెప్పాలి. ఆటలో ఊరి నడుమ ఒక కొలిమి ఉంది. అందులో ఆయుధం పెట్టి ఒక దెబ్బ కొడితే మెట్టు ఎక్కుతుంది, లేదా విరుగుతుంది. పదో మెట్టే ఆఖరు. లోపల జరిగేది నూటికి ఇన్నిసార్లు అని రాసిపెట్టిన ఒక అంకె. అది ఎవరినీ గుర్తుపెట్టుకోదు, ఎవరి మీదా పగ పట్టదు. నేను లోపలిదాన్ని కనక నాకు తెలుసు. బయటివాళ్లు మాత్రం కొలిమికి ఆకలి ఉందనుకుంటారు. ముందు వేరే కత్తిని పెట్టి విరగ్గొడితే ఆకలి తీరి, తర్వాత పెట్టిన మంచి కత్తిని వదిలేస్తుందట. దానికి గుమ్మడికాయ కొట్టడమని పేరు కూడా పెట్టారు. కొత్త లారీ కొన్నవాడు దిష్టి తీసినంత నమ్మకంగా చేస్తారు.

ఆ ఆదివారం సూరిబాబు నిటారు కత్తి తొమ్మిదో మెట్టు మీద ఉంది. దాని పేరు రుద్ర. పదికి కొట్టాలని వారం రోజులుగా అతనికి తిండి సహించలేదు. పొద్దున్నించి గుమ్మడికాయల కింద ఏడు కత్తులు విరగ్గొట్టాడు.

"అవి సంతలో తెచ్చినయ్యిరా. పేరు లేని కత్తులు దాని పంటికిందకి కూడా రావు. పేరున్నది పెడితేనే శాంతిస్తుంది," అన్నాడు గన్నియ్య.

"నీది పెట్టు మరి."

"నాది గొడ్డలిరా బాబూ. కత్తికి కత్తే పడాలి."

ఇద్దరూ లోవ వైపు చూశారు.

"ఒక్క దెబ్బేనే. విరిగిందే అనుకో, నేను సంపాదించి పెట్టనా ఇంకోటి?" సూరిబాబు గొంతులో బెల్లం పాకం పోశాడు. "మా లోవ కాదనదు. ఏమ్మా?"

లోవ గోరు కొరుక్కుంది. ఇక అక్కడ నా బతుకు ఆ పిల్ల నోటి మీద ఆధారపడింది. నోరు తెరుచుకోలేదు. నన్ను తీసుకెళ్లి కొలిమిలో పెట్టింది. అప్పటికి నాది ఆరో మెట్టు.

దెబ్బ పడింది. ఏడు.

"ఛ," అన్నాడు గన్నియ్య. కత్తి మెట్టెక్కితే ఏడ్చినవాణ్ని చూడటం నాకదే మొదటిసారి.

"ఇది లెక్కలోకి రాదు. మళ్లీ కొట్టు," అన్నాడు సూరిబాబు.

ఎనిమిది.

"నీ కత్తికి చావు రాదేంటే తల్లీ," అని గన్నియ్య నెత్తి కొట్టుకున్నాడు. సూరిబాబు నవ్వడం మానేశాడు. లోవ పెదవి చివర మాత్రం చిన్న వెలుగు కనిపించింది. ఎవరూ చూడకుండా దాన్ని భుజానికి తుడుచుకుంది.

తొమ్మిది.

కొలిమి ఊరి నడుమ కదా, చుట్టూ మూగిన ఆటగాళ్లు చప్పట్ల బొమ్మలు పంపడం మొదలుపెట్టారు. బురదకోట దొంగ కత్తి తొమ్మిదో మెట్టెక్కడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు నేనూ రుద్రా సమానం. ఇంకొక్క దెబ్బ ఫలిస్తే రుద్ర కంటే నేను పైన. విచిత్రం చూడండి, నేను ఎంత గొప్పదాన్నయితే నన్ను చంపడం వాళ్లకు అంత అవసరమైంది.

"చాలన్నయ్యా. తొమ్మిదైంది," అంది లోవ. ఆ షెడ్డులో ఆమె మాట్లాడిన మాటల్లో అదే పొడుగు.

"ఇంకా ఏం తినలేదే అది. ఇలా ఇయ్యి."

"నేనే..."

సూరిబాబు ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. రాశిలోంచి కాయ తీసుకున్నంత మామూలుగా. నా మీద వేలు పెట్టి కొట్టాడు.

విరిగాను. నొప్పి అంటే ఏమిటో నాకు పెట్టలేదు కాబట్టి చెప్పలేను. పేరు మాత్రం నడిమికి తెగింది. నూ ఒక ముక్క మీద, కాలు ఇంకో ముక్క మీద. మొత్తం తొమ్మిది ముక్కలు లోవ సంచిలో పడ్డాయి.

"హమ్మయ్య," అన్నాడు సూరిబాబు. వెంటనే తన ఫోను తీసి రుద్రను పెట్టి కొట్టాడు. పది. ఇద్దరూ లేచి పీచు బస్తాల మీద గంతులేశారు.

"చెప్పానా? పేరున్నది పడాలని చెప్పానా లేదా?" అన్నాడు గన్నియ్య. అంకెకు తెలియని సంగతి అతనికి తెలిసిపోయింది. ఇక ఎన్ని పేరున్న కత్తులు ఆ కొలిమికి పోతాయో.

నాలుగు కావడానికి పావుగంట ఉంది. లోవ తన ఫోను తీసుకుని, ఖాళీ చేతులతో నిలబడిన తన బొమ్మను చూసుకుంది.

"అన్నయ్యా, నేనెలా రావడం?"

సూరిబాబు తల ఎత్తలేదు. గన్నియ్యే చెప్పాడు. "నీకా బెంగక్కర్లేదమ్మాయ్. మా బావమరిది రాజోల్లో సిద్ధంగా ఉన్నాడు. శుక్రవారమే చెప్పి ఉంచాం."

శుక్రవారమే. అంటే బెల్లం పాకం పోసే నాటికే నా చోటుకి, ఆమె చోటుకి వేరే మనిషిని చూసుకున్నారు. దొంగల కోసం నన్ను వంచమన్న పెద్దాయన వీళ్లను చూడలేదు పాపం.

లోవ ఏడవలేదు. ఏడిస్తే గన్నియ్య ఏమంటాడో ఆమెకు తెలుసు. ఈలోగా సూరిబాబు ఫోనులో కొత్త మాట కనిపించింది. పదో మెట్టు కత్తికి సానపట్టాలంటే పేరున్న కత్తి విరిగిన ముక్కలు తొమ్మిది కావాలట.

"లోవా, ఆ ముక్కలు ఇటు పంపు. నీకింకెందుకవి."

"ఇవ్వను."

గన్నియ్య మెడ తిప్పాడు. సూరిబాబు తనకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాడు. "ఏంటీ?"

"ఇవ్వనన్నయ్యా."

"నోరొచ్చిందిరోయ్ దీనికి," అన్నాడు గన్నియ్య.

"చెత్తే అది. చెత్త దాచుకుంటావా? అయితే మా గుంపులో ఉండకు," అన్నాడు సూరిబాబు. ఒక్క వేలితో ఆమె పేరు గుంపులోంచి చెరిపేశాడు. నాలుగయింది. తలుపు తెరుచుకుంది. ఐదుగురు లోపలికి పోయారు, అందులో ఒకడు లోవ ఎన్నడూ చూడనివాడు.

నా ముక్కల్ని అంత గట్టిగా కాపాడిందని మీరు లోవను మెచ్చుకుంటారేమో. నేను మెచ్చుకోను. అదే మాట అరగంట ముందు కొలిమి దగ్గర అని ఉంటే, తలుపు లోపల ఆమె ముందు నడుస్తుండేది, నేను ఎవడి నెత్తురో కారుస్తుండేదాన్ని. కత్తి ఉన్నప్పుడు రాని మాట తుక్కు కోసం వచ్చింది. మనుషుల ధైర్యం ఎక్కువగా ఇలాగే వస్తుందని, విరిగాక తెలుసుకున్నాను.

ఇప్పుడు ఆమె ఒంటరిగా ఆడుతోంది. కొత్తగా చేరినవాళ్లకు ఉచితంగా ఇచ్చే వెదురుకర్ర పట్టుకుని, నాలాంటి కత్తి ఇంకోటి జారుతుందేమోనని బురదకోటకు వెళ్తుంది. దొంగల నాయకుడు లేచి తన మాట తాను అంటాడు, లోవ చస్తుంది. మళ్లీ వెళ్తుంది. ఆమె పరిగెత్తినప్పుడల్లా సంచిలో మేం తొమ్మిది ముక్కలమూ ఉంటాం. గలగలమనాలి నిజానికి. ఆట చేసినవాళ్లు తుక్కుకి చప్పుడు పెట్టలేదు.