జమ్రూద్ కాయ పండలేదు

ఎక్కాలంటే ఏడుపు, లెక్కలంటే నిద్ర. ధర్మవరం బడిలో ఏడో తరగతి తీరు అది. పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయే ఆదినారాయణ మాస్టారు, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, ఆ నిద్ర వదిలించడానికి ఒక ఉపాయం పన్నాడు. తరగతి గది బండల మీద సుద్దతో ఇరవై ఐదిళ్ల బారాకట్ట గీశాడు. ముందు గవ్వలు వేయాలి. తరువాత మాస్టారు అడిగిన లెక్క చెప్పాలి. చెబితే పడినన్ని ఇళ్లు కాయ కదులుతుంది, తప్పితే ఉన్నచోటే ఉంటుంది. నడిమింటికి చేరిన కాయ పండినట్టు. పండించిన వాళ్ల పేరు గోడమీది అట్టకు ఎక్కుతుంది.

అరుగుల మీద తరతరాలుగా ఆడే ఆ ఆటకు ఒక కట్టడి ఉంది. ఎదుటివాళ్ల కాయ ఉన్న ఇంట్లో దిగి దాన్ని ఒక్కసారైనా చంపనిదే లోపలి వరుసలోకి దారి లేదు. చచ్చిన కాయ మళ్లీ మొదటినుంచి నడవాలి. ఆదినారాయణ ఆ కట్టడినీ ఉంచాడు. చంపుడు లేని బారాకట్ట ఉప్పులేని సంగటి అనుకున్నాడు.

నెల తిరక్కముందే బడి మారిపోయింది. ఏడో ఎక్కం రాని నల్లప్ప పంతొమ్మిదో ఎక్కం పాటలా పాడాడు. గంట కొట్టకముందే పిల్లలు గడి చుట్టూ మూగేవారు.

జమ్రూద్ అనే పిల్ల కాయ మాత్రం వెలుపలి వరుసలోనే తిరిగేది. నాలుగిళ్లు నడిచేది, నిలిచేది. మళ్లీ నడిచేది, మళ్లీ నిలిచేది.

"ఏమ్మే జమ్రూదూ, గానుగెద్దు మాదిరి ఇంగా ఆడనే తిరుగుతాండావే! మీ నాయన కండ్లకు గంతలు కట్టి పంపించినాడా?" అనేవాడు నల్లప్ప. తరగతంతా నవ్వేది. మాస్టారికీ నవ్వు వచ్చేది. నలుగురిలో బెదిరి తడబడుతోంది, అంతే అనుకునేవాడు.

ఆ పిల్ల తండ్రి మొహిద్దీన్ సాబ్ పట్టుచీరలు నేస్తాడు. దసరా నాడే మాస్టారికి మాట చెప్పి ఉన్నాడు: "ఇంట్లో కండెలకు దారం చుట్టను చెయ్యి తక్కువైంది సార్. సదువు బాగా వస్తాదంటే పరీచ్చ దాంకా పంపిస్తా. లేదంటే మగ్గం కాడ కూచోబెడతా."

సంక్రాంతి సెలవులయ్యాక అతడు బడికి వచ్చాడు. అప్పుడు మాస్టారు హెడ్మాస్టరు గదిలో ఉన్నాడు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆయన పద్ధతిని మెచ్చుకుంటున్నాడు. చదువురాని మొహిద్దీన్ సాబ్ గోడమీది అట్ట చూసి నల్లప్పను అడిగాడు.

"నా బిడ్డ పేరు యాడ ఉండాదప్పా?"

"దాని పేరు లేదు సాబ్. మేమంతా పండినాం. అదొక్కతే పండల్యా."

మెప్పు మూటగట్టుకొని మాస్టారు బయటికి వచ్చేసరికి తండ్రీ బిడ్డా గేటు దాటిపోయారు.

నల్లప్ప చెప్పింది విని, సాయంత్రం ఆయన వాళ్ల ఇంటికి వెళ్లాడు. జమ్రూద్ రాట్నం ముందు కూర్చొని ఉంది.

"మొహిద్దీన్ సాబ్, అది ఆటండీ. మార్కులు కావు. కావాలంటే మీ ఎదుటే అడుగుతాను."

పదమూడో ఎక్కం అడిగాడు. పదిహేడుది అడిగాడు. వడ్డీ లెక్క అడిగాడు. రాట్నం ఆగలేదు, జవాబూ ఆగలేదు.

"మరి బడిలో ఎందుకు తప్పావమ్మా?"

"గవ్వలు నాలుగు పడితే సుంకమ్మ కాయ చచ్చేది సార్. అది మళ్ల మొదట్నించి రావాల గదా. అందుకే తప్పు చెప్పినా."

"ప్రతిసారీ అంతేనా?"

తల ఊపింది.

"నల్లప్ప కాయ కూడానా? నిన్ను అంత ఎగతాళి చేస్తాడే!"

"వాడు ఏడుస్తాడు సార్."

 మొహిద్దీన్ సాబ్ అందుకున్నాడు.

"నా బిడ్డకు సదువు రాదేమో అనుకుంటి సార్. వచ్చు. అయినా పంపను. ఇంగొకరిది చంపితేనే లోపలికి రానిచ్చే కాడ ఇది ఏం నెగ్గుతాది? మగ్గం ఎవుర్నీ చంపమనదు."

"ఆ కట్టడి రేపే తీసేస్తాను. పంపండి."

"నాలుగు నెల్లు మీ కండ్ల ముందరే తిరిగింది సార్. అప్పుడు కనపడల్యా మీకు?"

మాస్టారు లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

మరునాడు ఆయన చంపుడు తీసేశాడు. మొదటి రోజు పిల్లలు గొణిగారు. రెండో రోజు ఆవులించారు. "చంపేది లేకుంటే ఇదేం ఆట సార్?" అని నల్లప్ప గవ్వలు పక్కకు నెట్టాడు. వారం తిరిగేసరికి ఎక్కాల పాట అణగిపోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, ముప్పై మంది భవిష్యత్తు ఒకవైపు, ఖాళీ అయిన ఒక చోటు ఒకవైపు. సోమవారం ఆయన మళ్లీ చంపుడు పెట్టాడు. గది హోరెత్తింది. జమ్రూద్ రాలేదు. హాజరుపట్టీలో ఆ పేరును ఎర్రసిరాతో కొట్టేసింది ఆయన చెయ్యే.

మార్చిలో పెనుకొండలో ఉపాధ్యాయుల సమావేశం. ఇన్‌స్పెక్టరు పట్టుబట్టి ఆదినారాయణను నిలబెట్టాడు. నల్లబల్ల మీద ఇరవై ఐదిళ్లూ గీసి, లాభాలన్నీ చెప్పాడు. అన్నీ నిజాలే. నష్టం చెప్పబోయి, "ఒక పిల్ల..." అన్నాడు. 

"వందలో ఒకరు ఎట్లాగూ మానేస్తారు లేవయ్యా, కానివ్వు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అందరూ తలలు వంచి గడి గీసుకుంటున్నారు.

హిందూపురం నుంచి వచ్చిన రుక్మిణమ్మ టీచరు లేచింది. "ఆ చంపే కట్టడి చిన్నపిల్లలకు అవసరమా మాస్టారూ? తీసేస్తే?"

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"ఉంచండి" అన్నాడు. "తీసేస్తే ఆడరు."

ఆమె రాసుకుంది.