మూడుసార్లు అడగాలి

కదిలే బస్సులో కీరదోసకాయ చెక్కు తీయడం ఒక విద్య. బ్రేకు పడినప్పుడల్లా కత్తి బొటనవేలి మీదికొస్తుంది. మా ఊరు ఇస్ఫహాన్ పొలిమేర దాటేలోపే పదకొండు కాయలు చెక్కి, నిలువునా చీల్చి, ఉప్పు చల్లి పళ్ళెం వెనక్కి పంపాను. ఖాళీ పళ్ళెంతో పాటు మా ఆయన బహ్మన్ గొంతు కూడా వచ్చింది.

"ఉప్పు తగ్గింది మహీన్!"

ఆయన పనిచేసిన బ్యాంకులో రిటైరైనవాళ్ళ సంఘం పెట్టిన ఒకరోజు యాత్ర ఇది. పొద్దున ఎడారి ఊళ్ళు, మధ్యాహ్నం కొండలు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో భూగోళం చెప్పాను. కర్కస్ పర్వతాలను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఒక్కసారైనా వాటిమీద కాలు పెట్టలేదు. ఇంటినుంచి రెండు గంటల దారి, నవ్వుకోండి! ఈరోజు ఆ కొండ ఎక్కాలని నెల్లాళ్ళుగా చిన్నపిల్లలా ఎదురుచూశాను.

అర్దెస్తాన్‌లో బస్సు ఆగింది. మా అత్తగారు తూబా ఖానుమ్‌కి మోకాళ్ళ నొప్పులు, దిగలేదు.

"నువ్వూ రా మహీన్" అన్నాడు బహ్మన్.

"పర్లేదు, మీరు వెళ్ళండి. అత్తయ్య దగ్గర నేనుంటాలెండి."

మా దేశంలో మర్యాద అది. రమ్మన్నా, తినమన్నా మొదటిసారి వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, మూడోసారికి ఒప్పుకోవాలి. అడిగేవాళ్ళు కూడా మూడుసార్లు అడగాలి. ఇది బహ్మన్‌కి తెలియక కాదు. నేను తెల్లవారకముందే లేచి వేయించిన కట్లెట్లు తినమని డ్రైవరును నాలుగుసార్లు బతిమాలాడు. నా విషయంలో మాత్రం ఒక్కసారితో సరి. "సరేలే" అని దిగిపోయాడు.

తరవాతి ఊరు జవారేలోనూ అంతే. కిటికీలోంచి ఒక మట్టి గోడ, దానిమీద ఆరేసిన దుప్పటి కనిపించాయి. నేను చూసిన జవారే అదే.

"దిగి ఏం చూస్తావే? అంతా మట్టేగా" అంది అత్తగారు గ్లాసు చాపుతూ. "ఇంత టీ పొయ్యి. ఈసారైనా చిక్కగా."

పోశాను. పెళ్ళైన కొత్తలో సముద్రం చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా నేను బట్టలకు కాపలా కూర్చున్నాను. అప్పుడూ బహ్మన్ నన్ను ఒక్కసారే అడిగాడు. రెండోసారి అడుగుతాడేమోనని చెప్పులు విప్పి సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. అది తలుచుకుంటుండగానే బస్సు కిటికీ కిందినుంచి బహ్మన్ ఎవరితోనో అంటున్న మాట వినబడింది. "మా ఆవిడకి తిరగడం ఇష్టం ఉండదండీ. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ హాయిగా ఉంటుంది."

మా ఇంట్లో నా గురించి అందరికీ తెలిసిన సంగతి అదన్నమాట. నలభైమంది ఉన్న బస్సులో నన్నెరిగిన మనిషి ఒక్కరూ లేరు.

మధ్యాహ్నం కొండ మలుపులెక్కి అబ్యానే చేరాం. ఎర్రమట్టి ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి, వాటిపైన కర్కస్. నేను గీసిన ఏ గీతలోనూ ఇంత ఎత్తు లేదు. అందరూ దిగుతున్నారు. బహ్మన్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"వస్తావా మహీన్?"

"వస్తాను."

అతను ఆగిపోయాడు. వెనకవాళ్ళు అతన్ని గుద్దుకున్నారు.

"మరి అమ్మ దగ్గర ఎవరుంటారు?"

"మీరుండండి."

"వీడికి టీ పొయ్యడం వచ్చేడిసిందా!" అంది అత్తగారు.

బహ్మన్ ముఖం ఎర్రబడింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అదేంటి మహీన్, నేనేదో మాట వరసకు అడిగాను."

"తెలుసు" అన్నాను, బూట్ల తాళ్ళు బిగిస్తూ. "ఇన్నేళ్ళూ నేను వద్దన్నది కూడా మాట వరసకే."