మేడ మీద సిలబస్, మేడ కింద సిలబస్

కళ్ళద్దాల షాపాయన రోజంతా జనాన్ని అడిగేది ఒకటే ప్రశ్న: "ఈ అద్దంతో బాగుందా, ఇందాకటిదే నయమా?" అంత ఓపికున్న మనిషికి కూతురి చదువు దగ్గర మాత్రం ఆ ఓపిక లేకపోయింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలోకి వస్తోంది. వాళ్ళ స్కూల్లో అక్కణ్ణించి రెండు దారులు. కింది అంతస్తులో నేషనల్ బోర్డు, మేడ మీద ఇంటర్నేషనల్. ఏదో ఒకటి సోమవారంలోగా తేల్చి చెప్పమన్నారు.

"మేడ మీదకే పంపుదాం. అక్కడ బట్టీ ఉండదు, పిల్ల సొంతంగా ఆలోచిస్తుంది," అన్నాడాయన.

"సొంతంగా ఆలోచించడం మనింట్లో ఇప్పటికే ఎక్కువైంది. రేపు పశువుల డాక్టరు కోర్సుకి ఎంట్రన్స్ రాయాలంటే కింది పుస్తకాలే దిక్కు. నడుం వంచకుండా కూర్చుని మాట్లాడండి," అంది భార్య. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఎంత పోట్లాటలోనైనా ఎదుటివాళ్ళ వెన్నుపూస మీద ఓ కన్నేసి ఉంచుతుంది.

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల వారం రోజులుగా ఇదే వింటోంది. తనని ఎవరూ అడగలేదు. చివరికి తనే మేనమామకి ఫోన్ చేసింది. ఆయన కెమిస్ట్రీ మాస్టారు. రెండు రకాల స్కూళ్ళలోనూ పాఠాలు చెప్పి జుట్టు పోగొట్టుకున్నవాడు.

ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టర్ సగానికి దించి నలుగురూ లోపల కూర్చున్నారు.

"తమ్ముడూ, నువ్వే తేల్చు," అంది ఆవిడ.

"నేనొకటి చెప్తే రెండోవాళ్ళు నాకు కాఫీ ఇవ్వరక్కా. మీరే పరీక్ష రాయండి. పాఠం ఒకటే, తుప్పు. నీకు కింది అంతస్తు పేపరు, బావకి మేడ మీది పేపరు."

ఇద్దరూ అద్దాలు అరగదీసే బల్లకి చెరో పక్క సర్దుకున్నారు. ఆవిడ ప్రశ్న: తుప్పును నిర్వచించి, అది పట్టడానికి కావలసిన పరిస్థితులు రాయండి. గబగబా రాసేసి, పెన్నుకి మూత పెట్టి, భర్త వైపు జాలిగా చూసింది.

ఆయన ప్రశ్న వేరు: మీ ఇంట్లో ఏ వస్తువు ముందుగా తుప్పు పడుతుంది? ఎందుకో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం మీరే తయారు చేయండి.

ఆయన పైకప్పు కేసి చూశాడు. గోడ కేసి చూశాడు. "బావమరిదీ, ఇందులో జవాబు ఎక్కడుంది?"

"లేదు బావా. మీరే పుట్టించాలి."

"నేను పుట్టించింది తప్పైతే?"

"ఎందుకు తప్పైందో ఇంకో పేజీ రాయాలి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. టైమయ్యేసరికి కాగితం మీద గేటు గొళ్ళెం బొమ్మ ఒక్కటే ఉంది. బొమ్మ మాత్రం బాగా కుదిరింది.

మాస్టారు అక్క పేపరు దిద్ది అర మార్కు కోశాడు. "తడి గాలి అని రాశావు. తేమ అని ఉండాలి."

"తడి గాలిలో ఉండేది తేమ కాక తేనెనా?"

"నాకు తెలుసక్కా. దిద్దే వాళ్ళందరికీ అంత తీరిక ఉండదు."

షాపాయన గొంతు సవరించుకున్నాడు. "నాకు కింది అంతస్తే నయమనిపిస్తోంది. ఏం రాయాలో కనీసం ముందే చెప్తారు."

"ఒక్క మాటకి అర మార్కు కోసేవాళ్ళ దగ్గరికి నా కూతుర్ని పంపను. మేడ మీదకే," అంది ఆవిడ.

పోట్లాట ఉన్నదున్నట్టు మళ్ళీ మొదలైంది. మనుషులే అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు అయ్యారు. మాస్టారు దగ్గులో నవ్వు దాచుకున్నాడు.

"నేను చెప్పనా?" అంది పిచ్చుక. ఇద్దరూ ఆగిపోయారు.

"కిందే చేరతాను. పశువుల డాక్టర్ని అవ్వాలనుంది కాబట్టి అమ్మ మొదట చెప్పిందే సరి. మేడ మీది ప్రశ్నలూ నాకిష్టమే. అవి మామయ్య ఆదివారాలు ఇస్తే ఇక్కడే చేసుకుంటాను. ఇంకో సంగతి. ఆ మేడ మీది సిలబస్ మామయ్య చూపించాడు. ప్రాజెక్టు ప్రాజెక్టుకీ ఇంట్లో పెద్దవాళ్ళతో చర్చించమని ఉంది. మీతో చర్చకి కూర్చుంటే నేను తొమ్మిదో తరగతి దాటను."

షాపాయన ముందు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"మధ్యలో సందివ్వలేదుగా అమ్మా."

ఆవిడ మొహం చిన్నబోయింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

పిచ్చుక కింది అంతస్తులోనే చేరింది. ఆ వచ్చే ఆదివారం మామయ్య షాపులోనే ముగ్గురికీ తలో గిన్నె పాలిచ్చి, అవి ఎందుకు విరుగుతాయో కనుక్కోమన్నాడు. పిచ్చుక తన గిన్నె పని ముగించి కడిగి బోర్లించింది. తల్లీ తండ్రీ మాత్రం ఎవరి గిన్నె ముందు విరిగిందో తేలక సాయంత్రం దాకా వాదించుకుని, ఆ వాదనలో రెండూ ఒలకబోశారు. సోమవారం పొద్దున షాపుకొచ్చిన మొదటి బేరం, చార్టు మీది అక్షరాలన్నీ ముక్కు మూసుకునే చదివాడు.