అరణపు ఎద్దు

మొగుడు మాట వినడని లింగంపేట ఆడవాళ్లంతా ఏడుస్తారు. సాలవ్వ బాధ వేరు. ఆమె మొగుడు అబ్రాహాము మాట వింటాడు, అదీ పాదిరి మాట. ఆదివారం ప్రసంగం మొదలవగానే తక్కిన మగవాళ్లు తలలు వాల్చి హాయిగా కునుకు తీస్తుంటే ఇతనొక్కడే కళ్లు విప్పుకుని కూర్చుంటాడు. వినడంతో సరిపెట్టినా బాగుండేది. సోమవారం పొద్దున్నే ఆ పని చేసిపెడతాడు.

జర్మనీ లడాయి మొదలైన మరుసటి ఏడు, తొలకరి పడిన ఆదివారం, ఎల్లారెడ్డి ఊరి నుంచి వచ్చిన పాదిరి శత్రువుకు మేలు చేయమని చెప్పాడు. అబ్రాహాముకు శత్రువును వెతుక్కునే పని లేదు. పక్క చేను హనుమాండ్లు ఉండనే ఉన్నాడు. వీళ్లు బాప్తిస్మం తీసుకున్న ఏడాది పశువులను తోలి వీళ్ల జొన్నచేను మేపించి, పటేలు ముందర "వాళ్లే కంచె తీసిండ్రు" అని ప్రమాణం చేసిన మనిషి. ఆ వారమే అతని జోడెడ్లలో ఒకటి గురక రోగంతో చచ్చింది.

సోమవారం సాలవ్వ నీళ్ల కుండతో వచ్చేసరికి కొట్టంలో అబ్రాహాము ముసలి ఎద్దు ఒక్కటే నెమరేస్తోంది. లేనిది ఆమెది. పెళ్లికి తల్లిగారు అరణంగా ఇచ్చిన ఆవుకు పుట్టిన కోడె. తవుడు పెట్టి, పిడుదులు ఏరి, బిడ్డలా సాకింది.

"నా ఎద్దేది?"

"హనుమాండ్లుకు ఇచ్చొచ్చిన. మూడొద్దులల్ల పంపుతడు."

"నీది ఇయ్యకపోతివి?"

"దేవుని పేర ఇచ్చేటిది మంచిదే ఇయ్యాలె గద."

"మరి మన చేను?"

"దేవుడు చూసుకుంటడు."

"ఆయనొచ్చి దున్నుతడా? చెప్పు, సద్ది కట్టి పంపుత."

అబ్రాహాము నవ్వలేదు. నవ్వించాలని ఆమె అనలేదు.

మూడొద్దులు కాస్తా వారం దాటాయి. ఎద్దు మూపు మీద పుండుతో తిరిగొచ్చేసరికి నేలలో పదును పోయింది. ఎండిన మట్టిలోనే అబ్రాహాము విత్తాడు. సగం మొలవలేదు, మొలిచినవి మోకాలు దాటలేదు. హనుమాండ్లు జొన్న మాత్రం మనిషి దూరితే కనపడనంత ఏపుగా లేచింది.

కోతలకు సాలవ్వ ఆ చేనికే కూలికి పోయింది. ఇంకెక్కడా పని లేదు. హనుమాండ్లు పెళ్లాం హన్మవ్వ గట్టు మీద కూర్చుని కూలివాళ్లను కనిపెడుతోంది.

"ఏందే సాలవ్వా, నీ ఎద్దు దున్నిన చేన్లకే వచ్చినవ్? ఎద్దే నయం, మూపు వాచినా నోరెత్తలే."

"దానికి నోరుంటే మీ ఇంట్ల గడ్డి గూడ సక్కగ పెట్టలేదని ఊరంత చెప్పేది అక్కా."

"మా మీదికెందుకు? మీ దేవుడు ఇయ్యమన్నడట, మీ ఆయన ఇచ్చిండు. మేమేమన్న అడిగినమా?"

సాలవ్వ వంగి కొడవలి పట్టింది. నిజమే, వాళ్లు అడగలేదు. ఆమెనూ ఎవరూ అడగలేదు.

ఆ పూట పలచటి జొన్న గటక ముందు అబ్రాహాము కళ్లు మూసి స్తోత్రం చెప్పాడు. ఆమె ఆమేన్ అనలేదు.

"దేవుని మీద కోపమా?" అన్నాడతను.

"ఆయన మీద ఎందుకు? ఆయన నీకు చెప్పిండు, నువ్వు చేసినవ్. వంగేటి నడుమే నాది."

అబ్రాహాము గటక సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారానికి సంగతి పాదిరి చెవిన పడింది. ప్రసంగం మధ్యలో అబ్రాహామును లేచి నిలబడమన్నాడు. శత్రువు కోసం సొంత పంట పోగొట్టుకున్న విశ్వాసి అన్నాడు. ఇలాంటి విధేయత ఎల్లారెడ్డిలోనూ చూడలేదని మెచ్చుకున్నాడు. అందరూ మెడలు తిప్పి చూశారు, సాలవ్వ తప్ప. ఆమె అరచేతిలో విరిగిన జొన్నకర్ర పేడును గోటితో తీసుకుంటోంది. అబ్రాహాము ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యగారు, గది నా ఎద్దు గాదు," అన్నాడు. ఆమె వైపు చెయ్యి చూపాడు. "సాలవ్వ ఎద్దు. దేవుడు నా సొమ్ము ఇయ్యమన్నడు. నేను ఆమె సొమ్ము ఇచ్చిన. ఒక్క మాట గూడ అడగలే. మెప్పు నాకొచ్చింది, కూలి ఆమెకొచ్చింది. నేను తప్పు చేసిన."